పెన్నీలు పంపిన పిల్లలు

ఇంగ్లండు దేశము అనగానే మీ మనస్సునకు ఏమి తోచును? మన తాతలకు తోచినది దొరల దేశము. గుఱ్ఱపు బండి, పెద్ద బంగళా, ఇస్త్రీ బట్టలు, పిలిచిన పలుకు నౌకర్లు. మన జిల్లాలకు వచ్చిన అధికారులు అట్లే బ్రదికిరి గనుక, ఆ దేశములో అందరును అట్లే బ్రదుకుదురని మనవారు తలంచిరి. మిషను ఆసుపత్రి కట్టినప్పుడును, బోర్డింగు బడి తెరచినప్పుడును, వారికేమి, కలిగినవారు, ఇచ్చిరి అనుకొనిరి. ఈ మాట నేటికిని మన సంఘములలో అప్పుడప్పుడు వినబడుచున్నది.

ఆ తలంపు సరిదిద్దుకొనదగినది. మనకు వచ్చిన కానుకలలో కొంత భాగము ధనవంతుల పెట్టెలలోనుండి గాక, కూలివారి బిడ్డల చేతులలోనుండి వచ్చినది. రెండవ ప్రపంచ యుద్ధము 1945లో ముగిసిన తరువాత సుమారు పదిహేను సంవత్సరములు ఇంగ్లండులోని కూలివారి వీధులలో పిల్లలు ఎట్లు పెరిగిరో ఈ నెల తెలిసికొందము. ఆ పిల్లలు నేడు ఎనుబది ఏండ్ల వృద్ధులు. తమ బాల్యమును గూర్చి వారు చెప్పుకొన్న జ్ఞాపకములు అనేకము భద్రపరచబడి యున్నవి. వాటిని చదువునప్పుడు మన పల్లెయే కన్నుల యెదుట నిలుచును. వాటి చివరి భాగము మాత్రము మనకు గొప్ప హెచ్చరిక.

వీధియు ఇల్లును

ఇంగ్లండు ఉత్తర భాగమున లాంకషైరు అను ప్రాంతము కలదు. మాంచెస్టరు, సాల్ఫోర్డు అను ఇరుగు పొరుగు పట్టణములు ఆ ప్రాంతమునకు చెందినవి. నూలు మిల్లులు, ఓడరేవు, ఇంజనుల కర్మాగారములు అచ్చట నిండియుండెను. గాంధీగారు 1931లో లండనుకు వెళ్లినప్పుడు లాంకషైరుకును పోయి మిల్లు పనివారిని కలిసికొనిరి. మన దేశము విదేశీ వస్త్రమును మానుటవలన పని తగ్గిన కూలివారే ఆయనను ఆదరముతో చేర్చుకొనిరి. అట్టివారి బిడ్డలను గూర్చియే ఈ కథ.

ఆ వీధులలోని ఇండ్లు రైలు పెట్టెలవలె ఒకదానికొకటి అంటుకొని వరుసగా ఉండెను. క్రింద రెండు గదులు, మేడమీద రెండు గదులు, అంతే. బిడ్డలు ఎక్కువగానున్న ఇంట ఒక మంచముమీద ముగ్గురు నలుగురు పండుకొనుచుండిరి. మరుగుదొడ్డి పెరటిలో ఉండెను. మంచు కురియు రాత్రి కూడ చిన్నపిల్లలు చీకటిలో అక్కడికి పోవలసి వచ్చెడిది. స్నానపు గది లేదు. రేకు తొట్టి ఒకటి గోడ మేకునకు వ్రేలాడుచుండెను. వారమునకు ఒకసారి దానిని పొయ్యి యెదుట దించి, వేడినీళ్లు పోసి, ఆ నీటిలోనే ఒకరి తరువాత ఒకరు స్నానము చేయుచుండిరి. 1951 జనాభా లెక్కల ప్రకారము ఇంగ్లండు, వేల్సులలోని కుటుంబములలో మూడవ వంతుకు పైగా ఇంటిలో స్నానపు తొట్టి అమర్పు లేనివే.

అయినను ఆ తల్లులు శుభ్రతను విడువలేదు. మన తల్లులు వాకిట కల్లాపి చల్లి ముగ్గు పెట్టునట్లు, వారు ముంగిటి రాతిమెట్టును కడిగి, ఒక విధమైన మెత్తని రాతితో రుద్ది, అంచు తెల్లగా కనబడునట్లు చేయుచుండిరి. ఆ రాయిని డబ్బిచ్చి కొనుటకంటె, వీధిలో తిరుగు పాతగుడ్డలవానికి చింకి బట్టలు వేసి పుచ్చుకొనుటయే వాడుక. మిల్లు పొగగొట్టములనుండి మసి పడి ఆ మెట్టు సాయంత్రమునకే నల్లబడెడిది. మరల వారు దానిని రుద్దుచుండిరి.

ఆ వీధులను బొమ్మలుగా గీసి లోకమునకు చూపిన చిత్రకారుడు లౌరీ అనువాడు. 1952లో పని విరమించువరకు ఆయన ఒక కంపెనీలో గుమాస్తాగా ఉండి, ఇంటింట అద్దె వసూలు చేసెడివాడు. ఆయన బొమ్మలలో పొగగొట్టముల క్రింద చీమలవలె పోవుచున్న సన్నని మనుష్యులు కనబడుదురు. వారే ఈ పిల్లల తలిదండ్రులు.

కూపను పుస్తకము

1940 డిసెంబరు 22, 23 తేదీల రాత్రులలో, క్రిస్మసు పండుగ వాకిట నిలిచియుండగా, శత్రు విమానములు మాంచెస్టరు, సాల్ఫోర్డులపై బాంబులు కురిపించెను. వందల కొలది జనులు చనిపోయిరి. యుద్ధము ముగిసిన తరువాత కూడ వీధుల మధ్య కూలిన ఇండ్ల పాళ్లు అనేక సంవత్సరములు అట్లే యుండెను. తల్లులు పోవద్దని ఎంత చెప్పినను పిల్లలకు అవియే ఆటస్థలములు.

యుద్ధము ముగియగానే కరవు ముగియలేదు. 1940 జనవరిలో మొదలైన రేషను 1954 జూలై వరకు, అనగా పదునాలుగు సంవత్సరములకు పైగా నడిచెను. చిత్రమేమనగా, యుద్ధకాలమునందు రేషను లేని రొట్టెకు యుద్ధము ముగిసిన తరువాత, 1946 జూలైలో రేషను పెట్టిరి. అది 1948 జూలై వరకు ఉండెను. టీ ఆకు మనిషికి వారమునకు రెండు ఔన్సులు, అనగా సుమారు 57 గ్రాములు. 1947 జనవరి చివరనుండి మార్చి వరకు మహా హిమము పడగా, బొగ్గు బండ్లు కదలక, విద్యుత్తు ఆగి, జనులు కోట్లు తొడిగికొనియే నిద్రించిరి.

పిల్లలకు ఎక్కువ బాధ కలిగించినది మిఠాయి రేషను. 1942లో మొదలైన దానిని 1949 ఏప్రిలులో ఎత్తివేసిరి. ఆశగొన్న జనులు కొట్లన్నియు ఖాళీ చేయగా, నాలుగు నెలలకే దానిని మరల పెట్టవలసి వచ్చెను. చివరకు 1953 ఫిబ్రవరి 5న అది పూర్తిగా తొలగెను. అంతవరకు పది పదకొండేండ్ల బిడ్డ యొకడు తన జీవితమంతటిలో కూపను లేకుండ మిఠాయి కొన్న దినములు ఆ నాలుగు నెలలవే. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడి. పెన్నీల మాట వచ్చినప్పుడు ఇది మనకు అవసరమగును.

పాలు త్రాగించిన చట్టములు

ఆ కరవులోనే ఆ దేశము తన బిడ్డలకొరకు కొన్ని మేలైన చట్టములు చేసికొనెను. 1946 ఆగస్టునుండి బడిపిల్లలందరికి దినమునకు మూడవ వంతు పైంటు, అనగా సుమారు 190 మిల్లీలీటర్ల పాలు ఉచితముగా ఇచ్చిరి. ఆ నెలనుండియే మొదటి బిడ్డ తరువాత ప్రతి బిడ్డకు వారమునకు 5 షిల్లింగుల భత్యము తల్లి చేతికి అందెను. 1947 ఏప్రిలు 1 నుండి 15 ఏండ్లు నిండువరకు బడి విడువరాదని నియమించిరి. 1948 జూలై 5న అందరికి ఉచిత వైద్యము ప్రారంభమాయెను. ఆ దినమున ఆరోగ్యమంత్రి బెవన్‌గారు మాంచెస్టరు దగ్గరనున్న ఒక ఆసుపత్రికి వెళ్లి, 13 ఏండ్ల బాలికయైన మొదటి రోగిని పలుకరించిరి. అంతకు ముందు డాక్టరు ఫీజునకు వెరచి, బిడ్డకు జ్వరము ముదురువరకు ఇంటి మందుతో సరిపెట్టిన తల్లులు ఎందరో.

ఈ మేళ్ల వెనుక ఇద్దరు స్త్రీల పేర్లు చెప్పవలసి యున్నది. ఎల్లెన్ విల్కిన్సన్ 1891లో మాంచెస్టరులో పనివారి కుటుంబమున పుట్టి, మెతడిస్టు మందిరపు నీడలో పెరిగెను. 1932లో మన దేశమునకు వచ్చి ప్రజల స్థితిని విచారించిన బృందములో ఈమె కూడ ఉండెను. 1936లో జారో పట్టణపు నిరుద్యోగులు లండనుకు కాలినడకన పోవగా వారితో నడిచెను. 1945లో విద్యామంత్రియై బడిపిల్లలకు ఉచితముగా పాలు ఇప్పించెను. బడి వయస్సు పెంచుటకు డబ్బు లేదని తోటి మంత్రులు చెప్పినను పట్టు విడువలేదు. గాని ఆ నియమము అమలులోనికి వచ్చుటకు రెండు నెలల ముందే, 1947 ఫిబ్రవరిలో, ఆమె చనిపోయెను. రెండవ స్త్రీ ఎలియనోర్ రాత్‌బోన్. బిడ్డల భత్యము తండ్రి చేతికి గాక తల్లి చేతికే పోవలెనని అనేక సంవత్సరములు వాదించి గెలిచిన ఈమె, మొదటి షిల్లింగు చెల్లింపబడకముందే 1946 జనవరిలో కన్నుమూసెను. మోషే నెబో కొండనుండి వాగ్దాన దేశమును చూచి, దానిలో కాలు పెట్టకయే చనిపోయిన సంగతి మనకు తెలియును. దేవుని సేవలో నాటువాడొకడు, కోయువాడు మరియొకడు.

వీధి పెంచిన బిడ్డలు

ఆ వీధులలో మోటారు బండ్లు అరుదు. కావున వీధియంతయు పిల్లలదే. వారి ఆటలు వినినయెడల మీరు నవ్వుకొందురు. తొక్కుడుబిళ్ల, గోళీలు, తాడాట, దాగుడుమూతలు. రాలిన పెద్ద గింజలకు దారము గ్రుచ్చి, ఒకరి గింజను మరియొకరు కొట్టి పగులగొట్టు ఆట యొకటి. ఓపీ దంపతులు 70 బడులలోని సుమారు 5,000 మంది పిల్లలను విచారించి, వారి ఆటమాటలను సేకరించి 1959లో గ్రంథము ప్రకటించిరి. పెద్దలు నేర్పకయే పిల్లలనుండి పిల్లలకు ఎన్ని పాటలు, ఎన్ని నియమములు తరతరములు సాగునో వారు అందులో చూపిరి.

తల్లి పనికి పోయినప్పుడు పొరుగింటి అమ్మ బిడ్డకు రొట్టె పెట్టెడిది, తప్పు చేసినయెడల దండించెడిది. ప్రసవమైనను చావైనను వీధి స్త్రీలే ముందు వచ్చుచుండిరి. ఒక గిన్నెడు పంచదార, ఒక చేటెడు బొగ్గు ఇంటినుండి ఇంటికి బదులు తిరుగుచుండెను.

ఆ వీధిని పరలోకమువలె వర్ణించుట మాత్రము న్యాయము కాదు. చెమ్మ గోడలవలనను బొగ్గు పొగవలనను బిడ్డల రొమ్ములు చెడిపోయెను. క్షయరోగము ఇండ్లను నాశనము చేసెను. త్రాగి వచ్చి కొట్టు తండ్రులు ఉండిరి, బెత్తము విడువని ఉపాధ్యాయులు ఉండిరి. పదకొండవ యేట జరుగు ఒక పరీక్ష స్నేహితులను రెండుగా విడదీసెను. అందులో నెగ్గిన కొద్దిమంది పై చదువుల బడికి పోగా, తక్కినవారు 15 ఏండ్లకే మిల్లునకో రేవునకో పోయిరి. ఓడలనుండి దిగిన నల్లజాతివారికిని మన దేశస్థులకును ఆ వీధులలో అద్దెకు గది ఇయ్యని ఇండ్లు అనేకము. ఆ వీధిలో మేలును కీడును కలిసియే యుండెను, మన పల్లెలో ఉన్నట్లే.

ఆదివారము, పెన్నీ, పెంతెకొస్తు

ఆదివారపు బడి అను ఏర్పాటునకు మూలపురుషుడని పేరొందినవాడు రాబర్టు రైక్సు. ఆయన గ్లోస్టరు పట్టణములో 1780లో పనిచేయు పేదపిల్లలకొరకు దానిని ప్రారంభించెను. యుద్ధము తరువాతి సంవత్సరములలో కూడ పనివారి వీధులలోని పిల్లలు ఆదివారము మధ్యాహ్నము ఆ బడికి పోవుట సాధారణము. హాజరునకు కార్డుమీద గుర్తు వేయుదురు. సంవత్సరాంతమున తప్పక వచ్చినవారికి పుస్తకము బహుమానము. పుస్తకములు లేని అనేక గృహములలో బిడ్డకు దొరికిన మొదటి సొంత పుస్తకము అదియే.

పెంతెకొస్తు పండుగ వారమున మాంచెస్టరు, సాల్ఫోర్డులలో ఆదివారపు బడుల ఊరేగింపు జరిగెడిది. 1801లో మొదలైన ఆచారమది. ఏడాదంతయు చేరవేసిన డబ్బుతోనో అప్పుతోనో ఆ దినమున బిడ్డకు క్రొత్త బట్టలు కుట్టించుదురు. ఆ బట్టలు తొడిగికొని ఇరుగు పొరుగు ఇండ్లకు వెళ్లి చూపగా, వారు బిడ్డ జేబులో ఒక పెన్నీ వేయుదురు. పిమ్మట గొప్ప పతాకముల వెనుక, బాజాలతో, పిల్లలు రిబ్బనులు పట్టుకొని నగర వీధులలో నడుచుచుండిరి. మన పిల్లలు క్రిస్మసు బట్టలు తొడిగికొని ఇల్లిల్లు తిరుగుట మీకు జ్ఞాపకము వచ్చుచున్నది గదా.

ఇప్పుడు మన సంగతికి వచ్చుచున్నాను. మెతడిస్టు ఆదివారపు బడులలో పిల్లల మిషనెరీ సమాజము ఒకటి ఉండెను. అందులో చేరిన బిడ్డ చిన్న పుస్తకము చేతబట్టి, ప్రతి వారము తన వీధిలో కొన్ని ఇండ్లకు పోయి, దూరదేశపు సువార్త పనికొరకు పెన్నీలు పోగుచేసెడిది. ఇచ్చువారు కూలివారు, అడుగువారు కూలివారి బిడ్డలు. ఎక్కువ పోగుచేసిన బిడ్డకు ఒక పతకము. ఏ పెన్నీ ఏ దేశమునకు పోయెనో దేవునికే తెలియును. గాని ఆ మిషను పనిచేసిన పొలములలో మన మెదకు, నిజామాబాదు, కరీంనగరు ప్రాంతములు ఉండెను. డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రి ఆ మిషను స్థాపించినదే. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడిన తరువాత కూడ ఆ సహాయము కొనసాగెను.

మిఠాయికి కూపను లెక్కపెట్టుకొను బిడ్డ, రేకు తొట్టిలో నాలుగవ వంతున స్నానము చేయు బిడ్డ, తాను ఎన్నడును చూడని తెలుగుదేశపు కుష్ఠురోగి కొరకు తలుపులు తట్టెను. దేవాలయములో రెండు కాసులు వేసిన విధవరాలిని చూచి మన ప్రభువు ఏమనెనో మీరెరుగుదురు. మన బడుల పునాదులలో అట్టి కాసులు ఉన్నవి. మన తల్లులు పొయ్యిమీద ఎసరు పెట్టునప్పుడు ప్రభువుకొరకు తీసి యుంచు పిడికెడు బియ్యము ఆ పెన్నీకి తోబుట్టువు.

తరువాత ఏమి జరిగెను?

1950ల మధ్యనుండి ఆ వీధులను కూల్చుట ప్రారంభమాయెను. 1955 మొదలు 1975 వరకు బ్రిటనులో పది లక్షలకు పైగా పాత ఇండ్లు నేలమట్టమాయెను. జనులకు స్నానపు గది, లోపలి మరుగుదొడ్డి, వెలుతురుగల గదులు దొరికెను. అందుకు దేవునికి స్తోత్రము. గాని ఒక వీధివారు నాలుగు దిక్కులకు చెదరిపోయిరి. లండను తూర్పు భాగమునుండి క్రొత్త కాలనీకి మార్చబడిన కుటుంబములను పరిశోధించిన యంగ్, విల్‌మాట్ అనువారు 1957లో ఒక గ్రంథము వ్రాసిరి. ఇల్లు బాగుపడినను, తల్లియు చెల్లెండ్రును దూరమై స్త్రీలు ఒంటరులైరని వారు చూపిరి. కొందరిని అంతస్తుల భవనములకు ఎక్కించిరి. 1968 మే 16న లండనులో రోనన్ పాయింటు అను 22 అంతస్తుల క్రొత్త భవనము గ్యాసు పేలి ఒక మూల కూలగా నలుగురు మరణించిరి. అటువంటి కట్టడములపై జనులకు నమ్మకము పోయెను. ఇంతలో టెలివిజను వచ్చెను. 1953 జూన్ 2న రాణి పట్టాభిషేకమును సుమారు రెండు కోట్లమంది దానిలో చూచిరి. ఆదివారము మధ్యాహ్నము బిడ్డలను ఇంట కూర్చుండబెట్టుటకు మరియొక దారి దొరికెను.

మందిరములు ఒకటి తరువాత ఒకటి మూతపడెను. 2021 జనాభా లెక్కలలో ఇంగ్లండు, వేల్సులలో తాము క్రైస్తవులమని వ్రాయించుకొన్నవారు నూటికి 46.2 మంది మాత్రమే. సగమునకు తగ్గుట అదియే మొదటిసారి. ఏ రాజును మందిరములకు తాళము వేయలేదు, ఎవరును బైబిలును నిషేధింపలేదు. క్యాలమ్ బ్రౌన్ అను చరిత్రకారుడు 1963 తరువాత ఈ మార్పు వేగముగా వచ్చినదని వ్రాసెను. చాల కాలముగా మెల్లమెల్లగా జరిగినదని మరికొందరు చెప్పుచున్నారు.

ఆ పిల్లల జ్ఞాపకములలో మాత్రము ఒక సంగతి మాటిమాటికి కనబడుచున్నది. తలిదండ్రులు బిడ్డలను ఆదివారపు బడికి పంపిరి గాని, అనేకులు తాము మందిరమునకు పోలేదు. అలసిన దేహములకు అది విశ్రాంతి దినము. బిడ్డలు ఇంట లేనిచో రెండు గంటలు నిద్రపోవచ్చును. వారిని నిందించుటకు నాకు నోరు రాదు, మిల్లు పని అట్టిది. అయినను బిడ్డకు ఒక పాఠము పడెను: దేవుడు చిన్నపిల్లలకు సంబంధించినవాడు, పెద్దవారైనప్పుడు విడువవచ్చును. పదునాలుగు పదిహేను ఏండ్లు వచ్చి, మొదటి జీతము అందగానే వారు మందిరమును విడిచిరి. మనకొరకు పెన్నీలు పోగుచేసిన ఆ బిడ్డలలో అనేకులు తమ బిడ్డలకు ప్రార్థన నేర్పలేదు. ఇది వ్రాయునప్పుడు నా హృదయము బరువెక్కుచున్నది.

మన మాట

ప్రియులారా, మన పల్లెలలో నేడు పెంకుటిండ్లు, గుడిసెలు పోయి స్లాబు ఇండ్లు లేచినవి. మరుగుదొడ్డి, గ్యాసు పొయ్యి, చేతిలో ఫోను వచ్చినవి. మన బిడ్డలు హైదరాబాదునకును బెంగుళూరునకును, సముద్రములు దాటి ఆ ఇంగ్లండుకును పోవుచున్నారు. అక్కడ తెలుగులో ఆరాధించు కూటములు కూడ వెలసినవి. ఇవన్నియు మేళ్లే. గాని ద్వితీయోపదేశకాండము 8వ అధ్యాయమును ఈ నెల మీ కుటుంబ ప్రార్థనలో చదువుడి. మంచి ఇండ్లు కట్టుకొని తృప్తిగా తిన్న దినముననే దేవుని మరచు అపాయము కలదని మోషే ముందుగానే హెచ్చరించెను. న్యాయాధిపతుల గ్రంథము 2వ అధ్యాయములో, యెహోషువ కాలపువారు గతించిన వెంటనే దేవుని కార్యములను ఎరుగని వేరొక తరము లేచెను. ఆ నష్టమునకు ఒక్క తరము చాలెను.

కావున మీరు కూలికి పోయి అలసియున్నను, ఆదివారమున బిడ్డను ముందు పంపి మీరు అరుగుమీద నిలిచిపోకుడి. చెయ్యి పట్టుకొని తోడుకొని పొండి. రాత్రి అన్నము తినకముందు తండ్రి నోట ఒక చిన్న ప్రార్థన బిడ్డ చెవిని పడనిండి. చదువురాని తల్లి కూడ తనకు వచ్చిన ఒక కీర్తన నేర్పగలదు. పట్టణమునకు పోవు బిడ్డకు చిరునామాతోపాటు అచ్చటి సంఘ కాపరి పేరు కూడ వ్రాసి ఇయ్యుడి. పిడికెడు బియ్యము తీయునప్పుడు ఆ పిడికిలి మీ బిడ్డదై యుండనిండి, ఎవరికొరకు తీయుచున్నదో దానికి చెప్పుడి.

సాల్ఫోర్డు వీధుల ఋణము మన మీద ఉన్నది. ఆ పెన్నీలు ఇచ్చినవారిలో కొందరు ఇంకను బ్రదికి, మూతపడిన మందిరముల ప్రక్క వీధులలో ఒంటరిగా ఉన్నారు. వారికొరకును, వారి మనుమల కొరకును ఈ ఆదివారము మీ సంఘములో ప్రార్థించుడి. ఒకనాడు పేదబిడ్డల చేత మనలను జ్ఞాపకము చేసికొనిన దేవుడు, మన పల్లె బిడ్డల ప్రార్థన విని ఆ వీధులను మరల దర్శించును గాక. ఆమేన్.